అడవి దానంతట అదే అంటుకోదన్నా!

ఎండాకాలం వస్తే నల్లమల అంచు ఊళ్లలో రాత్రిపూట కొండ మీద ఎర్రటి గీత కనిపిస్తుంది. "అడవి అంటుకుంది" అనుకుని పడుకుంటాం. దానంతట అదే అంటుకుందా? కొత్త గడ్డి మొలుస్తుందని కాపరి గీసిన అగ్గిపుల్ల, ఇప్పపూలు ఏరుకోవడానికి ఆకులకు పెట్టిన నిప్పు, ఆర్పకుండా పారేసిన బీడీ, చేలో కొయ్యకాళ్లకు మనం పెట్టే మంట. దాదాపు అన్నీ మనిషి చేతివే.

పోయినేడు పక్క చేలో మంట గట్టు దాటి మా గడ్డివాము మీద పడింది. పెట్టింది రోజూ నాతో టీ తాగేవాడే. తాడు కోసి తోలబట్టి చూడి గేదె బతికింది.

"తాతల కాలం నుంచీ తగలబెడుతున్నాం" అంటారు. తాతలు కొడవలితో మొదలంటా కోసి గడ్డి గొడ్లకేశారు. మోకాలెత్తు కొయ్యకాళ్లు వదిలేది మన మిషన్ కోత!

2014 మార్చిలో శేషాచలం కాలితే తిరుమలకు వైమానిక దళం హెలికాప్టర్లు వచ్చాయి. మన ఊరికి వస్తాయా? 101కు ఫోన్ చేసినా ఫైరింజన్ వచ్చేలోపు వాము బూడిదే.

అందుకే ఇప్పుడే వాము ఇంటికీ కొట్టానికీ దూరంగా మార్చండి. ఇంటి చుట్టూ ఎండుగడ్డి, కంప తీసేయండి. చేను అంచున నాలుగు సాళ్లు దున్ని ఉత్త మట్టి ఉంచండి. డ్రమ్ములో నీళ్లు, స్ప్రేయర్ నిండుగా పెట్టుకోండి.

నిప్పుకు సర్వే నంబర్లు తెలియవు. ఈసారి చేలో అగ్గిపుల్ల గీసేవాడి చెయ్యి పట్టుకుని ఆపండి. వాడు మీ బామ్మర్దయినా సరే!