మరమ్మతు కూడ విద్యయే

మరమ్మతు అన్న మాట అరబ్బీ మూలం నుండి పారశీ, ఉర్దూల మీదుగా తెలుగులోకి వచ్చింది. చెరువుకట్ట తెగినా, మసీదు గోడ బీటలు వారినా, గుడి కప్పు కారినా మనం వాడే మాట అదే. ఉర్దూ చదివే విద్యార్థికీ తెలుగు చదివే విద్యార్థికీ సమానంగా సొంతమైన ఈ మాటను కంప్యూటరు గదిలో మాత్రం మనం మరచిపోతున్నాము. అక్కడ యంత్రం మొరాయిస్తే మనకు తోచే దారులు రెండే. కడప నుండి మెకానిక్కు వచ్చేదాకా దానిపై గుడ్డ కప్పి ఉంచడం ఒకటి. కొత్తది కొనవలసిందిగా యాజమాన్య సంఘానికి అర్జీ పెట్టడం మరొకటి. మూడవ దారి ఒకటి కలదనీ, విద్యాలయానికి తగిన దారి అదేననీ మనవి చేయడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ ప్రస్తావనకు తక్షణ కారణం లేకపోలేదు. విండోస్ 10 అనే నిర్వహణ వ్యవస్థకు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతును ముగించింది. తరువాతిదైన విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా సాధనం ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఎనిమిదవ తరానికి ముందువాటిని అది దాదాపుగా అంగీకరించదు. కనుక నిన్నటి వరకు పాఠాలకు ఉపకరించిన కంప్యూటరు నేడు పనికిరానిదిగా లెక్కకు వచ్చింది. విచిత్రమేమంటే, అందులో ఒక్క భాగమైనా చెడిపోలేదు. చందాల మీద, ఫీజుల మీద నడిచే అల్పసంఖ్యాక వర్గాల కళాశాలకు పది కొత్త కంప్యూటర్ల ఖరీదు సామాన్యమైనది కాదు. ఆ సొమ్ముతో గ్రంథాలయానికి ఎన్ని పుస్తకాలు సమకూరునో సంఘ సభ్యులే ఊహించగలరు.

ఇటువంటి యంత్రాలకు లినక్స్ పునర్జన్మనిస్తుంది. 1991 ఆగస్టు 25న ఇరవై ఒక్క ఏండ్ల హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ తన ప్రయత్నాన్ని లోకానికి ప్రకటించినాడు. అది నేడు వేలమంది చేతుల మీదుగా పెరిగి మహావృక్షమైనది. 64 బిట్ల ప్రాసెసరు, 4 జీబీల ర్యామ్ ఉన్న పాత యంత్రం మీద కూడ తేలికపాటి లినక్స్ చక్కగా నడుస్తుంది. దీనికి లైసెన్సు రుసుము లేదు. తెలుగు, ఉర్దూ రెండింటికీ కీబోర్డు అమరికలు, లిపులు ఇందులో లభిస్తున్నవి. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగువారి కొరకు లినక్స్ వ్యవస్థనే కూర్చింది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఎన్నో ఏండ్లుగా ఈ మార్గంలోనే కంప్యూటరు విద్యను నడుపుతున్నవి.

అయితే వ్యవస్థను మార్చినంత మాత్రాన పని ముగియదు. చెడినప్పుడు బాగుచేసుకొనే నేర్పు లేకపోతే లినక్స్ పెట్టిన యంత్రం మీద కూడ మళ్లీ గుడ్డే కప్పవలసి వస్తుంది. నిజానికి ఆ నేర్పు పెండ్లిమర్రి మండలంలో బోరుబావి కింద సేద్యం చేసే ఇంటి నుండి వచ్చిన విద్యార్థికి కొత్తది కాదు. మోటారు నీళ్లు పోయనప్పుడు ఆ రైతు వెంటనే పైపులన్నీ పైకి లాగించడు. ముందు మూడు ఫేజుల కరెంటూ వచ్చిందా అని చూస్తాడు. తరువాత ఫ్యూజు, ఆ తరువాత స్టార్టరు, ఆ తరువాత కేబులు. ఖర్చులేని పరీక్ష ముందు, ఖర్చయ్యే పని చివర. కంప్యూటరు మరమ్మతుకు కూడ ఇదే సూత్రం.

తెర మీద ఏమీ కనిపించకపోతే ముందు తీగలు గట్టిగా ఉన్నవో లేవో చూడాలి. తరువాత కరెంటు తీగ ఊడదీసి, ఇనుప పెట్టెను చేతితో తాకి ఒంటిలోని స్థిరవిద్యుత్తును వదిలించుకొని, ర్యామ్ పలకను తీసి, దాని బంగారు అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్లీ బిగించాలి. చాలాసార్లు ఇంతటితోనే యంత్రం లేచి కూర్చుంటుంది. తెరిచిన ప్రతిసారీ గడియారం పాత సంవత్సరం చూపితే, మదరుబోర్డు మీది 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయిందని అర్థం. తేదీ తప్పితే ఇంటర్నెట్టులో భద్రమైన పుటలు కూడ తెరుచుకోవు. మనం మాత్రం నెట్టు చెడిందనుకుంటాము. నలభై డిగ్రీలు దాటే కడప ఎండలలో అరగంటకొకసారి యంత్రం దానంతటదే ఆగిపోతుంటే, ఫ్యాను రెక్కలకూ వేడి తీసే లోహపు పలకలకూ పట్టిన దుమ్మును ముందు దులపాలి. విద్యుత్తు సరఫరా పెట్టెను మాత్రం విద్యార్థులు ఎన్నడూ విప్పరాదు. తీగ తీసిన తరువాత కూడ అందులో ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచి ఉంటుంది.

దోషం యంత్రానిదా, వ్యవస్థదా అన్న సందేహం తీర్చడానికి లినక్స్‌లో సులభమైన ఉపాయమున్నది. పెన్‌డ్రైవులోని లినక్స్‌తో యంత్రాన్ని తెరవడమే ఆ ఉపాయం. అలా తెరిచినప్పుడు అది చక్కగా నడిస్తే, దోషం డిస్కులోనో, దాని మీది వ్యవస్థలోనో ఉన్నదని తేలుతుంది. కొత్త మార్పుల తరువాత వ్యవస్థ తెరుచుకోకపోతే, ఆరంభ పట్టికలో పాత కెర్నెల్‌ను ఎన్నుకోవచ్చును. డిస్కు నిండినదేమోనని డీఎఫ్ అన్న ఆదేశం చెబుతుంది. దాని ఆరోగ్యాన్ని స్మార్ట్‌సీటీఎల్ చెబుతుంది. డిస్కు చెడుతున్న లక్షణాలు కనిపిస్తే ముందు అందులోని దస్త్రాలను వేరొకచోటికి నకలు చేసుకొని, ఆ తరువాతనే తక్కిన ప్రయత్నాలు చేయాలి.

అన్నిటికంటె ముఖ్యం, ఈ వ్యవస్థ తన బాధను దాచుకోదు. డీమెసేజ్, జర్నల్‌సీటీఎల్ అనే ఆదేశాలతో అది తన దినచర్యను విప్పి చూపుతుంది. ఏ నిమిషాన ఏ భాగం పలకలేదో అక్కడ వ్రాసి ఉంటుంది. ఆ వ్రాతను ఓపికగా చదివేవాడే మంచి మరమ్మతుదారు.

ఈ నిష్కాపట్యం వెనుక ఒక మరమ్మతు కథయే ఉన్నది. 1980 ప్రాంతాన అమెరికాలోని ఎంఐటీ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్ అనే ప్రోగ్రామరు, కాగితం ఇరుక్కొన్నప్పుడు అందరికీ కబురందేటట్లు పాత ముద్రణ యంత్రపు ప్రోగ్రామును సవరించినాడు. జిరాక్స్ వారి కొత్త యంత్రం వచ్చినప్పుడు అటువంటి సవరణకే పూనుకొంటే, దాని మూల ప్రోగ్రామును చూపడానికి నిరాకరించినారు. బాగుచేయగలిగినవాడిని బాగుచేయనీయకపోవడం అన్యాయమని అతనికి తోచింది. 1983లో అతడు ప్రకటించిన గ్నూ ప్రణాళిక, టోర్వాల్డ్స్ కెర్నెల్ కలసి నేటి లినక్స్ వ్యవస్థలకు పునాదులైనవి.

దీనికి అభ్యంతరాలు ఉన్నవి, అవి తోసిపుచ్చదగినవి కావు. ఉర్దూ పుటల కూర్పుకు ఎక్కువమంది వాడే ఇన్‌పేజ్ విండోస్ కొరకు చేసినది. కార్యాలయపు లెక్కల ప్రోగ్రాములు కొన్ని, ముద్రణ యంత్రాలు కొన్ని లినక్స్‌తో పొసగవు. ఉద్యోగాలలో విండోస్ అడుగుతారన్న తల్లిదండ్రుల భయమూ సహేతుకమైనదే. కనుక అన్నింటినీ ఒక్కసారిగా మార్చుమని నా వాదన కాదు. కార్యాలయానికి, పత్రిక పనికి కావలసిన ఒకటి రెండు కొత్త యంత్రాలు కొనవలసినదే. మిగిలినవి విద్యార్థుల చేతికి రావాలి. ఒక వ్యవస్థను విప్పి బాగుచేయగలిగినవాడు రెండవదాన్ని నేర్చుకొనడానికి బెదరడు. ఒక్కదాని బొత్తాములు మాత్రమే కంఠస్థం చేసినవాడే బెదురుతాడు.

యాజమాన్య సంఘం వారికి నా విన్నపం మూడు మాటలలో ముగుస్తుంది. పాత కంప్యూటర్లను పారవేసే తీర్మానానికి ముందు ఒక్క విద్యాసంవత్సరం గడువు ఇవ్వండి. ఒక స్క్రూడ్రైవర్ల పెట్టె, ఒక బ్రష్షు, రెండు పెన్‌డ్రైవులు, కొన్ని బిళ్ల బ్యాటరీలు కొనడానికి చిన్న మొత్తం మంజూరు చేయండి. వారానికి ఒక సాయంత్రం, అధ్యాపకుని సమక్షంలో, యంత్రాలను విప్పే అనుమతి బాలురతో సమానంగా బాలికలకూ ఇవ్వండి. ఏడాది చివర నిజంగా పనికిరానివని తేలినవాటిని 2022 నాటి ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన పునశ్చక్రీకరణ సంస్థకు అప్పగించవచ్చును.

విద్యార్థినీ విద్యార్థులారా! మీరు చేయవలసినది ఒక పుస్తకం పెట్టడం. యంత్రం సంఖ్య, తేదీ, కనిపించిన లక్షణం, చేసిన పరీక్ష, తేలిన కారణం: ఈ అయిదింటిని ప్రతిసారీ వ్రాయండి. బాగుపడనివి కూడ వ్రాయండి. మీ తరువాత వచ్చేవారు అదే పరీక్షతో మొదలుపెట్టి కాలం వృథా చేసుకోరు. ఆ పుస్తకంలో కొన్ని పుటలు ఉర్దూలో, కొన్ని తెలుగులో ఉంటే మరీ మంచిది. వచ్చే సంచికకు వ్యాసం కావాలని సంపాదకులు అడిగినప్పుడు, ఆ పుటలలో పదింటిని ఎంచి ఇవ్వండి.