పడిపోయే ఎంసీబీకి ఓ దండం

ఈమధ్య మా ఫ్లాట్‌లో వంటగది కొత్తగా చేయించాం. గ్యాస్ పొయ్యి స్థానంలో రెండు ప్లేట్ల ఇండక్షన్ హాబ్, పక్కనే అలమరలో ఇమిడిపోయే ఓవెన్ వచ్చాయి. మొదటి ఆదివారం అమ్మ హాబ్ మీద ఒకవైపు సాంబారు, ఇంకోవైపు కూర పెట్టింది. నేనేమో ఉత్సాహంగా ఓవెన్‌లో కేకు పెట్టాను. కాసేపటికే టప్! ఎంసీబీ పడిపోయింది. పైకెత్తాను. మళ్ళీ టప్!

ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "16 ఆంప్స్ ఉంది సార్, 32 వేసేద్దాం, ఇంక పడదు" అన్నాడు. అక్షరాలా నిజం. రెండువారాలు పడనేలేదు. మూడోవారం అమ్మ పిలిచింది, "ఒరేయ్, ఏదో కాలిన వాసనొస్తోంది, ఈ గోడేంట్రా ఇంత వేడిగా ఉంది?" అని. మెయిన్ ఆపి సాకెట్ విప్పిస్తే లోపల వైరు తొడుగు కరిగి నల్లగా అంటుకుపోయి ఉంది. ఆ గోడ పక్కన రోజంతా నిలబడేది అమ్మ అని గుర్తొచ్చి నాకు చెమటలు పట్టాయి.

అప్పుడు తీశాను కాగితం, పెన్ను. హాబ్ 3500 వాట్లు, ఓవెన్ 2800. మొత్తం 6300. దాన్ని 230 వోల్టులతో భాగిస్తే సుమారు 27 ఆంపియర్లు. రెండు సాకెట్లకీ కలిపి వచ్చింది ఒకే 2.5 స్క్వేర్ ఎంఎం వైరు, ఒక సాకెట్ నుంచి రెండోదానికి లూప్ కొట్టారు. అంటే ఆ 27 ఆంపియర్లూ మొదటి సాకెట్ స్క్రూల మీదుగానే వెళ్ళాలి. కరెంటు రెండింతలైతే పుట్టే వేడి నాలుగింతలు. ఇదంతా ఇంజినీరింగ్ మొదటి సంవత్సరంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకున్నాను!

అసలు విషయం ఏంటంటే, ఎంసీబీ ఉన్నది ఓవెన్‌ని కాపాడ్డానికి కాదు, గోడలో ఉన్న వైరుని కాపాడ్డానికి. అది ఎన్ని ఆంపియర్లదో తేల్చాల్సింది వెనకున్న వైరు, మన వంట కాదు. సన్నటి వైరుకి పెద్ద ఎంసీబీ పెట్టడం, ఎక్సెప్షన్ వస్తోందని ఖాళీ క్యాచ్ బ్లాక్ రాయడం లాంటిదే. లాగ్ శుభ్రంగా ఉంటుంది, సిస్టమ్ లోపల కాలిపోతూ ఉంటుంది. ఆఫీసులో ఎవడైనా అలా రాస్తే కోడ్ రివ్యూలో ఉతికి ఆరేస్తాం కదా?

తప్పంతా ఎలక్ట్రీషియన్ మీదకి తోసేద్దామా అంటే మనసొప్పట్లేదు. నేను ఆయనకిచ్చిన రిక్వైర్‌మెంట్లు రెండే. కొత్త టైల్స్ పగలకూడదు, ఎంసీబీ పడకూడదు. రెండూ తీర్చాడు పాపం! క్లయింటు బుర్రలేకుండా అడిగితే ఏమొస్తుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు :)

ఇప్పుడు ఏం చేయించామంటే, డీబీ నుంచి హాబ్‌కీ ఓవెన్‌కీ విడివిడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైర్లు లాగించాం. హాబ్‌కి 20, ఓవెన్‌కి 16 ఆంప్స్ ఎంసీబీలు. ఎర్త్ సరిగ్గా ఉందో లేదో కొలిపించాం. షాక్ కొట్టకుండా 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ వేయించాం, ఎందుకంటే ఎంసీబీ ఆ పని చెయ్యదు. నాలుగు ప్లేట్ల హాబ్ అయితే 7 కిలోవాట్ల దాకా లాగుతుంది కాబట్టి దానికి 6 స్క్వేర్ ఎంఎం వైరు కావాలి. మీటరుకి శాంక్షనైన లోడ్ సరిపోతుందో లేదో కూడా ముందే చూసుకోవాలి. నాలుగు టైల్స్ పగిలాయి, పోతే పోయాయి.

ఫ్లాట్ కొనేటప్పుడు ఫ్లోరింగ్ ఏంటి, కుళాయిలు ఏ బ్రాండు అని వంద ప్రశ్నలు అడుగుతాం. వంటింటి సాకెట్ వెనక ఎంత వైరుందని నేనైతే అడగలేదు. మీరు అడిగారా? హాబ్ ఆర్డర్ చేసే ముందే ఆ ఒక్క ప్రశ్న అడగండి. ఎంసీబీ మాటిమాటికీ పడుతుంటే విసుక్కోకండి. ఇంట్లో నిజం చెప్పేది అదొక్కటే.

అన్నట్టు, ఆ కేకు సంగతి మాత్రం అడక్కండి.