దమ్ముతో పోయిండు

వరంగల్‌లో గాలి వల్ల చచ్చిపోయినవాళ్లు ఒక్కరూ లేరు. కాగితాల మీద లేరు, మా నోళ్లలోనూ లేరు. దమ్ముతో పోయినవాళ్లున్నారు. దగ్గి దగ్గి పోయినవాళ్లున్నారు. ఆయాసం ఎక్కువై రాత్రి ఎంజీఎం ఆస్పత్రికి తీసుకపోతే తెల్లారేసరికి పోయినవాళ్లున్నారు. పరామర్శకు వెళ్లి మేము అడిగే ప్రశ్నలు కూడా ఖాయమే. ‘బీడీలు తాగేటోడా? వయసెంత?’ రెండింట్లో ఒకదానికి సరిపోయే జవాబు వస్తే మనసు కుదుటపడుతుంది. బీడీ ముట్టకుండా, కట్టెల పొయ్యి ముందే జీవితం గడిపిన ఆడమనిషి పోతే మాత్రం ఏమనాలో తోచక ‘ఆమె రాత’ అని లేచి వస్తాం.

ఈ ఊళ్లో చదువుకున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. పంతుళ్లం, డాక్టర్లం, వకీళ్లం, విలేకరులం, యూనియన్లు నడిపినవాళ్లం. ఈ చావులు లెక్కలోకి రాకుండా పోయింది మా చేతుల మీదుగానే. కుట్ర ఏమీ లేదు. కుట్ర చేయాలన్నా కొంత శ్రద్ధ ఉండాలి, మాకు అదీ లేదు.

ఆస్పత్రిలో ప్రాణం పోతే డాక్టరు ఇచ్చే మరణ కారణ పత్రంలో తరచూ కనిపించే మాట ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’. గుండె ఆగింది, ఊపిరి ఆగింది అని అర్థం. చచ్చిపోయిన ప్రతి మనిషికీ ఆగేవి ఆ రెండే కదా! ఎలా ఆగిందో కాదు, ఏ జబ్బు వల్ల ఆగిందో రాయమని ఆ ఫారం సూచనల్లోనే ఉంది. కానీ రాత్రి డ్యూటీలో, వరండా నిండా స్ట్రెచర్లుంటే, చేతికొచ్చిన మాట రాసి సంతకం పెట్టడమే సులువు. ఇంట్లో పోయినవాళ్ల సంగతి ఇక చెప్పనక్కరలేదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతావాళ్లు దేనితో పోయారంటే చుట్టాలు చెప్పిందే చెప్పుకోవాలి.

లండన్‌లో ఎల్లా కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పిల్ల 2013లో ఉబ్బసంతో చనిపోయింది. వాళ్ల ఇల్లు వాహనాల రద్దీ ఆగని రోడ్డు పక్కన. మొదటి విచారణ శ్వాస ఆగిందని తేల్చి ఊరుకుంది. వాళ్లమ్మ రోసమండ్ ఊరుకోలేదు. 2020 డిసెంబరులో కరోనర్ (మరణ విచారణాధికారి) మళ్లీ విచారించి మూడు వరుసలు రాశాడు: శ్వాస ఆగడం, దాని వెనక తీవ్రమైన ఉబ్బసం, దాని వెనక కలుషితమైన గాలి. మన ఫారంలోనూ ఆ వరుసలున్నాయి. తక్షణ కారణం, దానికి దారితీసింది, దానికీ దారితీసింది. మూడో వరుస దాకా మేము ఏనాడూ పోలేదు.

పోకపోవడానికి మాకు మంచి సాకు దొరికింది. అది ఢిల్లీ. చలికాలం రాగానే అక్కడి పొగమంచు ఫొటో మొదటి పేజీలో వేసి, ‘పాపం, ఎట్ల బతుకుతున్నరో’ అనుకున్నాం. 2019 జనవరిలో కేంద్రం జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం మొదలుపెట్టింది. దాని నగరాల జాబితాలో తెలంగాణ నుంచి హైదరాబాద్, నల్లగొండ, పటాన్‌చెరు, సంగారెడ్డి చేరాయి. వరంగల్ లేదు. జాబితాలో లేము కాబట్టి మా గాలి బాగున్నట్టే అనుకున్నాం. ఆ జాబితా కొలతలను బట్టి తయారవుతుంది. మనుషులు ఫిల్టర్ కాగితాలు మార్చే మాన్యువల్ కేంద్రంలో గాలిని పట్టేది వారానికి రెండు రోజులు, ఏడాదికి 104 రోజులు. మిగతా 261 రోజులు పీల్చేది కూడా గాలేనని మాకు తోచలేదు.

దేశ ప్రమాణం ప్రకారం పీఎం 2.5 ధూళి ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తన హద్దును 5కు దించింది. 2009 నుంచి 2019 దాకా దేశంలోని 655 జిల్లాల మరణాలను గాలితో సరిచూసిన అధ్యయనం ఒకటి 2024 డిసెంబరులో లాన్సెట్ ప్లానెటరీ హెల్త్‌లో వచ్చింది. ధూళి 10 మైక్రోగ్రాములు పెరిగినచోట ఏడాది మరణాలు 8.6 శాతం పెరిగాయని, 40 లోపు ఉన్నచోట కూడా ముప్పు తప్పలేదని అది చెప్పింది. ఈ రకం ధూళి వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు ఉంటుంది. ముక్కు దాన్ని ఆపలేదు, దగ్గు బయటికి నెట్టలేదు. ఏళ్ల తరబడి లోపలికి పోయి గాలిగొట్టాలను వాచేలా చేస్తుంది. సీవోపీడీ అనే ఊపిరితిత్తుల జబ్బు ముదిరి బిగుసుకున్న గొట్టాలు మళ్లీ మామూలుగా తెరుచుకోవు.

మా ఊరి ఆజం జాహీ నూలు మిల్లు గురించి మేము గంటలకొద్దీ మాట్లాడగలం. 1934లో పెట్టినదని, సైరన్ ఎంత దూరం వినిపించేదో, ఎర్రజెండా సంఘాలు ఎట్ల ఉండేవో చెప్పుకుంటాం. పత్తి ధూళి మాట మాత్రం రాదు. నూలు మిల్లుల్లో చేసేవాళ్లకు బిస్సినోసిస్ అనే జబ్బు వస్తుంది. ఆదివారం సెలవు గడిచి సోమవారం పనిలోకి దిగగానే ఛాతీ బిగుస్తుంది. అందరితో కలిసి సమ్మె చేసిన మేము ఆ సోమవారాల గురించి ఎవరినీ అడగలేదు.

ఇప్పుడు ఎనుమాముల మార్కెట్‌ను చూడండి. ఆసియాలోనే పెద్ద యార్డుల్లో ఒకటని బయటివాళ్లకు గొప్పగా చెబుతాం. మార్చిలో మిర్చి వచ్చినప్పుడు యార్డు గేటు దగ్గరే తుమ్ములు మొదలవుతాయి. హమాలీ ముక్కుకు తువ్వాల బిగించి, బస్తా భుజానికెత్తుకుని, పది అడుగులు వేసి దగ్గి, మళ్లీ నడుస్తాడు. రాలిన కాయలను చీపురుతో పోగుచేసే ఆడవాళ్లకు కొంగే అడ్డం. మేము కారు అద్దం ఎత్తుకుని ధరెంత పలికిందో రాసుకుని వస్తాం. ఘాటును సరుకు నాణ్యతగా రాశామే గానీ ఒక్కసారన్నా ఊపిరితిత్తుల వార్తగా రాయలేదు.

ఊపిరి బిగిసిన మనిషికి మేము చేసిన వైద్యం కూడా చెప్పుకోవాలి. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు స్టెరాయిడ్ సూది వేస్తాడు, రెండు రోజులు హాయిగా ఉంటుంది, రోగి మళ్లీ సూదికే పోతాడు. సూదితో ఒళ్లంతా తిరిగే మందు ఇన్‌హేలర్‌లో చిటికెడు మోతాదులో నేరుగా ఊపిరితిత్తులకు చేరుతుంది. కానీ ‘పంపు పెట్టుకుంటే అలవాటైతదంట’ అన్న మాట ఊరూరా పాకింది. దాన్ని సరిదిద్దాల్సిన పంతుళ్ల ఇళ్లలోనే తమ పిల్లల ఇన్‌హేలర్‌ను చుట్టాల కంటపడకుండా బీరువాలో దాస్తారు. పెళ్లి సంబంధాలు చెడతాయని భయం.

అడగడం రాని ఊరైతే ఇంత బాధ ఉండేది కాదు. కాజీపేటకు రావాల్సిన కోచ్ ఫ్యాక్టరీ కపుర్తలాకు పోయిందని నలభై ఏళ్లుగా మరచిపోలేదు. మామునూరు విమానాశ్రయం కోసం వినతిపత్రాలిచ్చాం. తెలంగాణ కోసం రోడ్ల మీదే వంటావార్పూ చేశాం. గాలి దగ్గరికి వచ్చేసరికి ఎవరికి ఇవ్వాలి వినతిపత్రం అనుకున్నాం. పత్తి కట్టె అంటించేది మా పొలంలోనే, రోడ్డు తవ్వి వదిలేసిన కాంట్రాక్టరు మా బంధువే. చెత్త ట్రాక్టరు రాక, రాలిన ఆకులకు నిప్పు పెట్టే సఫాయి అక్కను ‘ఇంకా ఊడ్వలేదా’ అని తొందరపెట్టిందీ మేమే.

2012 అక్టోబరులో క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్ అని ఇక్కడ జరిగింది. వేరే మున్సిపాలిటీల సిబ్బంది వచ్చి మా గడప గడపా తిరిగి తడి చెత్త, పొడి చెత్త వేరు చేయించారు. చెత్త వేరైతే కుప్పకు పోయేది తగ్గుతుంది, కుప్ప తగ్గితే కాలేదీ తగ్గుతుంది. దేశమంతా వరంగల్‌ను చూడమన్నారు. ఫొటోలు దిగాం. తర్వాత తడీ పొడీ ఒకే కవర్లో వేసి గేటుకు తగిలించడం మళ్లీ మొదలుపెట్టాం. ఆ కవర్లన్నీ మడికొండ దగ్గరి రాంపూర్ డంపింగ్ యార్డుకు చేరాయి.

అక్కడ నిప్పంటుకుంటే రోజుల తరబడి ఆరదు. హైదరాబాద్ నుంచి బస్సులో వస్తూ మడికొండ దాటేటప్పుడు కిటికీ మూసుకుని, కాజీపేట రాగానే తెరుస్తాం. మడికొండ, రాంపూర్ జనం ఆ పొగలోనే నిద్రపోవాలి. వాళ్లు ఫిర్యాదులు చేశారు, ధర్నాలు చేశారు. మేముండే సుబేదారి నుంచి, నక్కలగుట్ట నుంచి, హంటర్ రోడ్డు నుంచి పోయి వాళ్ల పక్కన కూర్చోవడం మాకు తోచలేదు. అక్కడ కాలేది సుబేదారి చెత్త, నక్కలగుట్ట చెత్త, హంటర్ రోడ్డు చెత్త.