టైర్లలో నీళ్లు సరే, ముందు దిమ్మలేవీ?

దమ్ములు ముగిసి ఇనపచక్రాలు విప్పగానే పల్లెల్లో ట్రాక్టరు వెనక టైర్లకు నీళ్లు పట్టటం మొదలవుతుంది. జాకీ ఎత్తి, వాల్వు పైకొచ్చేలా చక్రం తిప్పి, పిన్ను తీసి, మధ్యమధ్య గాలి వదులుతూ గొట్టంతో పోస్తారు. వాల్వు దగ్గర నీళ్లు చిమ్మితే ముప్పాతిక నిండినట్టే. ఆపైన గాలి కొడతారు. 13.6-28 టైరులో 150 లీటర్ల పైమాటే, అంటే అన్ని కిలోల బరువు. చలిదేశాల్లో గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడు కలుపుతారు. మనకా బెడద లేదు, బోరునీళ్లే చాలు. పైసా ఖర్చు లేదు గనక ఆసామికి ముద్దు.

చక్రం జారదు, మెట్టదుక్కి సాగుతుంది, మేము కాదనటం లేదు. మా పేచీ ట్రాలీ దగ్గర. "నీళ్లు పోశాం గదా, ఇంకో వంద ఇటుక వెయ్యండ్రా" అంటాడు ఆసామి. చక్రం జారక, వెనక బరువు కదలకపోతే లేచేది ముందుచక్రాలే! వెనక ఇరుసు చుట్టూ ఉన్న నీళ్లు ముందుభాగాన్ని అదిమిపట్టలేవు. అందుకు ముందువైపు ఇనపదిమ్మలు తగిలించాలి. వాటికి డబ్బవుతుంది, కాబట్టి వచ్చే ఏడాది చూద్దామంటారు. కాలవకట్ట ఎక్కేటప్పుడు బండి వెనక్కి తిరగబడితే కింద నలిగేది డ్రైవరు.

డ్రైవరు తమ్ముళ్లు ఈసారి కూలి మాట్లాడుకునేటప్పుడే దిమ్మల సంగతి తేల్చుకోవాలి. ఇన్సూరెన్సు కాగితమూ చూడాలి. సేద్యానికని రాయించిన పాలసీతో ఇటుక తోలితే కంపెనీ మొండిచెయ్యి చూపొచ్చు.