చిన్న బొమ్మకు మార్కులు వేయడం

వేసవిలో విబిఎస్ జరిగినా, డిసెంబరులో క్రిస్మస్ వచ్చినా మన సంఘాల్లో పిల్లలకు రంగులు వేసే పోటీ ఉండనే ఉంటుంది. కాగితం మీది బొమ్మకు రంగులు వేయించేవారు కొందరు. పశువుల పాకలో పెట్టే గొల్లవారికీ, గొర్రెలకూ, ఒంటెలకూ వేయించేవారు కొందరు. పోటీ పెట్టడం తేలికే. బహుమతులు చదివిన తర్వాతనే కష్టమంతా. ఒక పిల్లవాడు స్టీలు గ్లాసు పట్టుకొని నవ్వుతూ వెళ్తాడు, ఇరవైమంది తలలు వంచుకొని ఇళ్ళకు పోతారు. గనుక ఈ నెల, చిన్న బొమ్మల మీది రంగుల పనికి మార్కులు ఎలా వేస్తారో, ఎలా వేస్తే న్యాయముగా ఉంటుందో వ్రాయదలిచాము.

ఇది తెలిసికొనుటకు దూరం పోనక్కరలేదు. మా పటమట నుండి బెజవాడ దాటి హైదరాబాదు రోడ్డు పట్టుకొని ఇబ్రహీంపట్నం చేరితే, పక్కనే కొండపల్లి. అక్కడి బొమ్మ తెల్ల పొణికి కర్రతో చేస్తారు. చేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. తల, చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో అతికిస్తారు. దాని మీద సున్నపు పూత పూసి, అది ఆరిన తర్వాత సన్నని కుంచెతో రంగులు వేస్తారు. అంబారీ ఏనుగు గాని, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు గాని, ఎడ్లబండి గాని, కొనేవారు చూసేది పైరంగు. పని తెలిసినవారు బొమ్మను తిరగేసి చూస్తారు. ఏనుగు కడుపు కింద రంగు అందిందా? చేయి అతికిన చోట మక్కు కనబడుతున్నదా? ఎర్ర అంచు పక్కనున్న పచ్చరంగులోకి పాకిందా?

పోటీలలో న్యాయనిర్ణేతలు చూసే వరుస కూడా ఇంచుమించు ఇదే. మొదట రెండు మూడు అడుగుల దూరం నుండి చూస్తారు. అక్కడి నుండి బొమ్మ పిలుస్తున్నదా లేదా అనేది ఒక లెక్క. తర్వాత దగ్గరకు వచ్చి శుభ్రత చూస్తారు. అతుకులు, దుమ్ము, రంగులో ఇరుక్కుపోయిన కుంచె వెంట్రుక, ముద్దగా పేరుకొన్న రంగు, ఇవన్నీ మార్కులు పోగొట్టేవే. ఆ పైన రెండు రంగులు కలిసే గీత. ఆ పైన ముఖం. అంగుళం పైచిలుకు బొమ్మలో కన్ను ఆవగింజంత కూడా ఉండదు. రెండు కళ్ళూ ఒకే వైపు చూస్తున్నట్లు దిద్దడానికి చేయి నిలకడగా ఉండాలి. పట్టు పట్టులాగా, గోనె గోనెలాగా, ఇనుము ఇనుములాగా కనబడాలి. చివరకు బొమ్మ ఏమైనా కథ చెబుతున్నదా అని చూస్తారు. మన పోటీల్లో చాలాచోట్ల ఈ వరుస తలకిందులవుతుంది. తళుకులు ఎక్కువ అంటించిన బొమ్మకే చూపు పోతుంది, కింద అంతా అలుకుడుగా ఉన్నా సరే.

వెలుగు నీడల సంగతి ఒకటున్నది. పాశ్చాత్య దేశాలవారు చిన్న బొమ్మ మడతల్లో ముదురు రంగు, ఎత్తుల మీద లేత రంగు వేసి, వెలుగు పడినట్లు చూపుతారు. కొండపల్లి బొమ్మది ఆ పద్ధతి కాదు. దానిది నిండు రంగు, దాని మీద సన్నని గీత. ఒకరి కొలత తెచ్చి ఇంకొకరి బొమ్మకు పెట్టి నీడ లేదని మార్కులు తగ్గిస్తే అది తీర్పు కాదు.

ఇంగ్లండులో గేమ్స్ వర్క్‌షాప్ అనే బొమ్మల కంపెనీవారు 1987లో మొదలుపెట్టిన పోటీ ఒకటి ప్రపంచమంతటా పేరు పొందింది. దాని పేరు గోల్డెన్ డీమన్. పేరు మన చెవులకు ఇంపుగా ఉండదు, కానీ పని సూక్ష్మమైనది. విభాగానికి మూడు బహుమతులు; అందరిలో మేటికి ఒక పెద్ద ఖడ్గం ఇస్తారు. అది మనకు తెలిసిన పద్ధతే: ఒకటి, రెండు, మూడు.

రెండవ పద్ధతి అమెరికాలో చికాగో నగరం దగ్గర సైనికుల బొమ్మలు చేసేవారి ప్రదర్శనలో కనబడుతుంది. అక్కడ ఒక బొమ్మను పక్క బొమ్మతో పోల్చరు. ముందుగా ఒక ప్రమాణం పెట్టుకొని, దానిని అందుకొన్నవారు పదిమంది ఉంటే పదిమందికీ బంగారు పతకమే ఇస్తారు. ఎవరూ అందుకోకపోతే ఆ ఏడు బంగారం లేదు. ఒకరే ఐదు బొమ్మలు పెడితే, వాటిలో మేలైనదానిని బట్టి ఒక్క పతకమే. తాను చెక్కకుండా రంగు మాత్రమే వేసినవారి విభాగం వేరు, చెక్కడం కూడా లెక్కించే విభాగం వేరు. తలాంతుల ఉపమానంలో ఐదు సంపాదించినవానికీ, రెండు సంపాదించినవానికీ యజమానుడు చెప్పిన మెప్పు ఒక్కటేనని మన పాఠకులకు తెలిసినదే. ఈ లెక్క దానికి దగ్గరగా ఉన్నదని మాకు తోచింది.

అయితే దీనిని అందరికీ తలా ఒక ప్లాస్టిక్ డబ్బా పంచడంతో కలపకూడదు. అలా పంచితే కష్టపడిన బిడ్డకు తన పని విలువ తెలియదు. ప్రమాణం గట్టిగా ఉండాలి, మనిషిని చూసి వంగకూడదు.

ఉయ్యూరు వైపు ఒక పల్లెలోని తల్లి మాతో అన్న మాట ఇక్కడ వ్రాయవలసి ఉన్నది. కూలికి వెళ్ళే మనిషి. ఆమె కూతురు పుల్లకు దూది చుట్టి రంగులు వేసి పోటీకి వచ్చిందట. “ఓడిపోయినందుకు కాదండి అయ్యగారూ. ఎందుకు ఓడిపోయిందో అడిగితే ఒక్కరూ చెప్పలేదు. అప్పటి నుండి అది రంగు డబ్బా ముట్టుకోవడం లేదు” అన్నది. కుంచె కొనలేని ఇంటి పిల్లకూ, బందరు రోడ్డు మీది దుకాణంలో మంచి రంగులు కొనుక్కొన్న పిల్లకూ ఒకే బల్ల వేసినప్పుడు, ఈ చెప్పడమన్నది ఇంకా అవసరము. నీ గీత నిలకడగా ఉన్నది, రంగు పలుచగా రెండుసార్లు వేయమ్మా అని అంటే చాలు, ఆ పిల్ల మరుసటి ఏడు వస్తుంది.

పని ఎవరిదన్నది ఇంకొక చిక్కు. కొండపల్లిలో చాలా ఇళ్ళలో చెక్కేది మగవారైతే, రంగులు దిద్దేది ఆడవారు. చేతిపనుల వారికి కేంద్ర ప్రభుత్వం 1965 నుండి జాతీయ అవార్డులు, 2002 నుండి శిల్ప గురు అవార్డులు ఇస్తున్నది. బిరుదు ఒక మనిషి పేరు మీద వస్తుంది. బొమ్మ మీద ఇద్దరి చేతులుంటాయి. మన ఇళ్ళలోనూ అంతే, పిల్లవాడి బొమ్మకు కన్ను దిద్దింది నాన్నగారని బల్ల దగ్గర నిలబడితే తెలిసిపోతుంది.

నిపుణుల కన్నూ జనం కన్నూ ఒకటి కావనడానికి ఈమధ్య జరిగినదే ఉన్నది. 2025 గణతంత్ర దినోత్సవాన మన రాష్ట్రం ఏటికొప్పాక బొమ్మల శకటాన్ని ఢిల్లీకి పంపింది. న్యాయనిర్ణేతలు రాష్ట్రాల శకటాల్లో ఉత్తరప్రదేశ్‌కు మొదటి స్థానం, త్రిపురకు రెండవది, మనకు మూడవది ఇచ్చారు. ప్రజలు వేసిన ఓట్లలో గుజరాత్ మొదట నిలిచింది. మొదటి మూడింటిలో మనది లేదు. రెండూ చెల్లేవే, రెంటినీ వేరువేరుగా ప్రకటించారు గనుక ఎవరికీ అనుమానం కలుగలేదు. మన పోటీల్లో చప్పట్లను బట్టి మార్కులు మార్చేవారిని చూస్తే మాకు ఈ సంగతి గుర్తుకు వస్తుంది.

రాబోయే క్రిస్మస్‌కు పోటీ పెట్టదలచిన సంఘాలు ఈ పద్ధతి చేసి చూడవచ్చును. రంగులూ కుంచెలూ సంఘమే కొని, అందరికీ ఒకే రకం ఇవ్వండి. బొమ్మలు పిల్లల చేత అక్కడే, మన కళ్ళ ఎదుటే వేయించండి. తొలిసారి వచ్చినవారిని వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టండి. బొమ్మ కింద పేరు వద్దు, అంకె చాలు. చూసేవారు ముగ్గురు ఉండాలి, వారిలో ఎవరి బిడ్డా ఆ బల్ల మీద ఉండకూడదు. ఒకరు వేసిన మార్కు ఇంకొకరికి కనబడకూడదు. ప్రతి బొమ్మకూ ఒక చీటీ వ్రాయండి: బాగున్నది ఒకటి, దిద్దుకోవలసినది ఒకటి, కింద చూసినవారి సంతకం. చదువు రాని తల్లిదండ్రులుంటే ఆ చీటీని పక్కన నిలబడి చదివి వినిపించండి.