స్కాట్లండు కౌన్సిలు సభలు - సభామర్యాద

సభామర్యాద యనగా గంభీరోపన్యాసమే యని మన విద్యార్థులలో పలువురు తలంచుచున్నారు. నా యభిప్రాయ మది గాదు. స్కాట్లండు దేశమున స్థానిక కౌన్సిలు సభ నడచు రీతిని వారు గమనింతురు గాక.

ఆ దేశమున 1996 నుండి 32 కౌన్సిళ్లు గలవు. పాఠశాలలు, బాటలు, చెత్త యెత్తించుట మొదలగునవి వాని భారములు. చర్చింపబోవు విషయముల పట్టికను సభకు నిండు మూడు దినములు ముందుగనే ప్రజలకు చూపవలెను. రహస్య విషయములకు తప్ప, ఎవరైనను వచ్చి వినవచ్చును. ఒకరు తీర్మానము ప్రతిపాదింతురు, వేఱొకరు బలపఱతురు, సవరణ వచ్చినచో ఓట్లు లెక్కింతురు. నిర్ణయములను వ్రాతలో నుంచి అధ్యక్షుడు సంతకము చేయును.

వీని యన్నిటికంటె నాకు గొప్పగా తోచున దొకటి కలదు. విషయమునందు సొంత ప్రయోజన మున్న సభ్యు డా మాట సభలో ముందుగా చెప్పుకొనవలెను. అది తీర్పును మార్చగలిగినంతటిదైనచో గది విడువవలెను. 2000 సంవత్సరపు శాసనము ననుసరించి యేర్పడిన నియమావళి యిట్లు విధించుచున్నది. చట్టమునకు వెఱచి చేయు పనిలో ఘనత యేమి యని కొంద ఱందురు. నిజమే, కాని నియమముగా మొదలైనది అభ్యాసముచే గుణమగును.

నిరుడు మన వక్తృత్వపు పోటీలో నా మేనల్లుడు మాటలాడుచుండగా నేను న్యాయనిర్ణేతల బల్లయొద్దనే కూర్చుంటిని. బహుమాన మతనికి రాలేదు. అయినను నేను గది విడువవలసి యుండెను.

స్కాట్లండులో 2017 ఎన్నికలు మొదలు పదునాఱేండ్ల వారును కౌన్సిలు ఎన్నికలలో ఓటు వేయుచున్నారు. విద్యార్థులారా, మీలో పలువురు ఆ యీడునకు రానున్నవారే. చక్కగా మాటలాడ నేర్చుకొనుడు. తగినచోట పీఠము విడుచుటయు నేర్చుకొనుడు. ఈ యేటి పోటీలో ఆ పాఠమును మొదట నేనే యప్పగించెదను.