ఇరవై ఏళ్ళకే శిఖరమా?

పరుగు పందేల్లో గెలిచేవాళ్ళ విషయంలో మనకొక అలవాటుంది. గెలిచేదాకా వాళ్ళెవరో తెలియదు. గెలిచిన నాడు భుజాల మీద ఊరేగిస్తాం. మరుసటేడు రెండో స్థానంలోకి వస్తే చాలు, "అయిపోయింది" అంటాం. ఇరవై రెండేళ్ళ డాక్టరు గాని, ఇరవై రెండేళ్ళ లాయరు గాని మన ఎరుకలో ఉన్నారా? ఆ వయసుకు వాళ్ళ చదువే పూర్తికాదు. పరుగెత్తే పిల్లల విషయంలో మాత్రం ఆ వయసుకే లెక్క తేల్చి పుస్తకం మూసేస్తాం. ఈ తొందర ఎంతవరకు న్యాయమో మిత్రులు ఒకసారి ఆలోచించాలని నా మనవి.

ఈ మాట నన్ను పట్టుకున్నది జీవాంజి దీప్తి గురించి. 2025లో ఢిల్లీలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలు జరిగిన రోజుల్లో, మా ఆర్మూర్ మార్కెట్ యార్డు దగ్గరి టీ హోటల్లో పత్రిక చూస్తూ ఒకాయన అన్నాడు: "ఇగ ఆమెది అయిపోయినట్టే. మొన్న బంగారం తెచ్చింది, ఇప్పుడు వెండి." చుట్టూ ఉన్నవాళ్ళు అవునన్నట్టు తలలూపారు. ఆ తలలూపడం మీదే నా అభ్యంతరం.

దీప్తిది వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. కూలి చేసుకుని బతికే కుటుంబం. మేధోపరమైన లోపం గల క్రీడాకారుల కోసం ఉన్న టి-20 విభాగంలో 400 మీటర్లు పరుగెత్తుతుంది. శిక్షకుడు నాగపురి రమేష్ చేతుల్లో తయారైన పిల్ల. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడల్లో 56.69 సెకన్లతో బంగారం. 2024 మే నెలలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు, ప్రపంచ ఛాంపియన్ పట్టం. అప్పటికి ఆమె వయసు ఇరవై. అదే ఏడాది సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో 55.82 సెకన్లు, కంచు పతకం. 2025లో ఢిల్లీలో 55.16 సెకన్లు, వెండి పతకం.

పతకాల రంగు చూసేవాళ్ళకు ఇందులో దిగుడు మెట్లే కనిపిస్తాయి. గడియారం చూసేవాళ్ళకు మరొకటి కనిపిస్తుంది. కోబెకు, ఢిల్లీకి తేడా ఎంత? సెకనులో వందో వంతులు తొమ్మిది. రెప్ప వేసి తీసేంత సేపు కూడా కాదు. ఇంకో విచిత్రం వినండి. పారిస్‌లో బంగారం గెలిచిన ఉక్రెయిన్ అమ్మాయి యులియా షూలియార్ కాలం ఎంతో తెలుసా? సరిగ్గా 55.16. అంటే పారిస్‌లో బంగారమైన పరుగే ఢిల్లీలో వెండి అయింది. ఎందుకని? టర్కీ అమ్మాయి ఐసెల్ ఓండర్ ఢిల్లీలో 54.51లో పరుగెత్తింది గనక. దీప్తి కిందికి జారలేదు, పక్క లేన్‌లో అమ్మాయి పైకి పోయింది. ఈ రెండూ ఒకటి కావు. పక్కింటివాడు మేడ కడితే మన ఇల్లు కుంగిపోయిందనడం ఏం లెక్క?

అయితే నిజం రెండు వైపులా చెప్పాలి. చిన్న వయసులోనే శిఖరం చేరి, మళ్ళీ అంత ఎత్తు ఎక్కలేకపోయినవాళ్ళు లేకపోలేదు. అమెరికా కుర్రాడు జిమ్ ర్యాన్ 1966లో, పంతొమ్మిదేళ్ళకే, మైలు పరుగులో 3 నిమిషాల 51.3 సెకన్లతో ప్రపంచ రికార్డు సృష్టించాడు. మరుసటేడు దాన్ని 3:51.1 చేశాడు. 1975 దాకా ఆ రికార్డు జోలికి ఎవరూ పోలేకపోయారు. కానీ ర్యాన్ కూడా పోలేకపోయాడు! 1968లో మెక్సికో నగరంలో, సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైన ఉన్న ఆ పలచని గాలిలో, 1500 మీటర్ల పరుగులో కెన్యా వీరుడు కిప్ కైనో చేతిలో ఓడి వెండితో తృప్తి పడ్డాడు. 1972లో మ్యూనిక్‌లో తొలి రౌండులోనే కిందపడ్డాడు. ఇరవై ఏళ్ళనాటి గడియారమే అతని జీవితకాలపు గడియారమైంది.

మన దేశం సంగతి చూద్దాం. కేరళ అమ్మాయిలిద్దరు, ఇద్దరిదీ 800 మీటర్ల పరుగే. మొదటామె షైనీ విల్సన్. 1986 సియోల్ ఏషియాడ్‌లో ముందంజలో ఉండి కూడా, లేన్ దాటకూడని చోట దాటిందని అనర్హురాలైంది. అప్పటికామెకు ఇరవై ఒక్కేళ్ళు. మన హోటల్ పెద్దలుంటే ఆనాడే లెక్క మూసేసేవారు. ఆమె మాత్రం పెళ్ళయి, తల్లి అయ్యాక కూడా ట్రాక్ వదల్లేదు. 1992 బార్సిలోనాలో మన జెండా పట్టుకుని నడిచిన తొలి భారత మహిళ ఆమె. ముప్ఫై ఏళ్ళ వయసులో, 1995లో మద్రాసులో 1:59.85తో జాతీయ రికార్డు పెట్టింది. రెండో ఆమె టింటు లూకా, పి.టి. ఉష శిష్యురాలు. షైనీ ముప్ఫైకి పెట్టిన రికార్డును ఇరవై ఒక్కేళ్ళకే, 2010లో క్రొయేషియాలోని స్ప్లిట్ నగరంలో, 1:59.17తో బద్దలు కొట్టింది. అంతటితో అయిపోయిందనుకున్నారు. 2014 ఇంచియాన్ ఏషియాడ్‌లో ఆమె మళ్ళీ పరుగెత్తిన కాలం 1:59.19. నాలుగేళ్ళ తర్వాత, వందో వంతులు రెండే తేడా! తన పాత గీత దాటలేదు, నిజమే. ఆ ఎత్తున నాలుగేళ్ళు నిలబడ్డదాన్ని పతనమందామా?

కనక "ఇరవై ఏళ్ళకు శిఖరం వచ్చేసిందా?" అన్న ప్రశ్నకు జవాబు ఆ ఇరవై ఏళ్ళనాడు ఎవరికీ తెలియదు. ఉషకూ తెలియదు, రమేష్ సారుకూ తెలియదు. పదేళ్ళ తర్వాత వెనక్కి చూస్తే గాని శిఖరం కనపడదు. ముందే తేల్చి చెప్పేవాడు జ్యోతిష్యుడు గావాలి, లేదా పందెం కాసినవాడు గావాలి.

దీనికి శరీరధర్మం కూడా ఒక కారణం. 800 మీటర్లు పరుగెత్తాలంటే సగానికి పైగా శక్తి ఊపిరితో వచ్చే ప్రాణవాయువు మీద ఆధారపడుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోయడం, కండరాల్లో సన్నని రక్తనాళాలు పెరగడం ఒక్క ఏడు సాధనతో అయ్యేవి కావు. మన జిన్సన్ జాన్సన్ 2018లో శ్రీరామ్ సింగ్ 1976 నాటి 800 మీటర్ల జాతీయ రికార్డును దాటినప్పుడు అతనికి ఇరవై ఏడేళ్ళు. ఇక ఆడపిల్లల్లో పదిహేడు, పద్దెనిమిదేళ్ళ దగ్గర శరీరం మారుతున్నప్పుడు ఒకటి రెండేళ్ళు కాలం మెరుగుపడకపోవడం మామూలే. దానికి తోడు రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో సగానికి పైగా రక్తహీనులే. ప్రాణవాయువు మోసేది రక్తంలోని హిమోగ్లోబిన్. అది తక్కువున్న పిల్ల చివరి రెండు వందల మీటర్లలో వెనకబడితే మనం "దమ్ము లేదు" అంటాం. లేనిది దమ్ము కాదు, ఇనుము!

మా వైపు ఊళ్ళో ఒక అమ్మాయి ఉంది. పేరు చెప్పను. పదో తరగతిలో 800 మీటర్లలో అందరికన్నా ముందు. ఇంటర్ రెండో ఏడు నాలుగో స్థానం. ఆ సాయంత్రమే వాళ్ళ నాయన, "ఇగ చాలు బిడ్డా, చదువు చూస్కో" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. రెండెకరాల పసుపు మీద ఇల్లు నడుపుతూ బూట్లకు, బస్సు చార్జీలకు ఎన్నాళ్ళని పెడతాడు? నాలుగో స్థానం వచ్చిన నాడు ఇంటికి పోయి "ఒక్కసారి రక్తం పరీక్ష చేయిద్దాం, రెండేళ్ళు ఓపిక పట్టండి" అని చెప్పే మనిషి ఒక్కరు లేకపోవడమే లోటు. ఆ పిల్ల శిఖరం ఎక్కడుందో ఇప్పుడు ఎవరికీ తెలియదు, ఆమెకు కూడా.

నిజానికి ఆ ఓపిక మా ప్రాంతానికి కొత్త కాదు. జూన్‌లో పెట్టిన పసుపును జనవరి దాటితే గాని తవ్వం. ఆకు ఎండి వాలకముందే తవ్వితే దుంప ఊరదు, తూకం రాదు. తవ్వినాక ఉడకబెట్టాలి, ఎండబెట్టాలి, పాలిష్ పట్టాలి. అప్పుడు గదా యార్డుకు తీసుకపోయేది! ఆరో నెలలో చేను చూసి "ఇంతే, ఇగ ఊరదు" అనే రైతు ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ దొరకడు. పంట మీద ఉన్న ఈ ఓర్పు పిల్లల మీద ఎందుకుండదు?

ఓర్చినందుకు ఏం దక్కుతుందో చూడాలంటే దూరం పోనక్కర్లేదు. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. పదిహేనేళ్ళయినా నిండలేదు. తర్వాత ఏళ్ళ తరబడి పెద్ద పతకం లేదు. 2017లో భుజానికి గాయం. "చిన్నప్పుడు మెరిసింది, అంతే" అన్నవాళ్ళు తక్కువేం కాదు. 2022లో అదే టర్కీలో, ఇస్తాంబుల్‌లో, సీనియర్ ప్రపంచ ఛాంపియన్ అయింది. 2023లో ఢిల్లీలో మరోసారి. మొదటి బంగారానికి, రెండోదానికి మధ్య పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళూ ఇంట్లోవాళ్ళు, శిక్షకులు వెంట నిలబడ్డారు గనకే ఆమె నిలబడింది. బాక్సింగ్ వేరు, పరుగు వేరు అనొచ్చు. కానీ తొందరపడి తీర్పు చెప్పే నోళ్ళు మాత్రం రెండు చోట్లా ఒకటే.

పారిస్ పతకం తర్వాత దీప్తికి రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్‌లో 500 గజాల స్థలం ప్రకటించింది. శిక్షకుడికి పది లక్షలు. సంతోషం, కాదనను. అయితే ఇవన్నీ శిఖరం మీద నిలబడ్డవాళ్ళకిచ్చే దండలు. కొండ ఎక్కుతున్నవాళ్ళకు కావలసింది దండ కాదు, మంచినీళ్ళు. అవి ఊళ్ళో ఇవ్వాలి, బళ్ళో ఇవ్వాలి, మన కళాశాలలో ఇవ్వాలి.

అందుకే విద్యార్థి సంఘానికి నావి రెండు కోరికలు. వార్షికోత్సవంలో కప్పులు, షీల్డుల మీద పెట్టే ఖర్చులో కొంత తీసి, రోజూ తెల్లవారుజామున మైదానంలోకి వచ్చే పిల్లలకు ఏడాది పొడుగునా గుడ్డు, పాలు, ఆర్నెల్లకొక రక్త పరీక్ష ఏర్పాటు చేయండి. రెండోది, అంతర్ కళాశాల పోటీల్లో ఒకసారి ఓడినవాళ్ళ పేరు మరుసటేడు జట్టు ఎంపిక జాబితాలోంచి కొట్టెయ్యకండి. ఇంకొక్క ఏడు పరుగెత్తనివ్వండి.

దీప్తి మళ్ళీ 55.07 దాటుతుందో లేదో నాకు తెలియదు. దాటితే సంబరపడతాను. దాటకపోతే ఆమె పరుగు విలువేం తగ్గదు. కూలివాళ్ళ ఇంట పుట్టి ఒకనాడు తన విభాగంలో లోకంలో అందరికన్నా వేగంగా పరుగెత్తిన మాట ఎవరూ చెరపలేరు. ఎప్పుడు ఆగాలో తేల్చుకోవలసింది ఆమె, ఆమె కాళ్ళు, ఆమె గురువు. అంతదాకా మనం గట్టున నిలబడి చప్పట్లు కొడదాం. తీర్పులకు తొందరేం లేదు.

— ఎం.ఎ. ద్వితీయ సంవత్సర విద్యార్థి,
ఆర్మూర్ వాస్తవ్యుడు